ఫలక్‌నుమా: ఈ మాటలో అద్దం ఉందా?

ప్రశ్న: హైదరాబాదులోని ఫలక్‌నుమా ప్యాలెస్ గురించి ఎక్కడ చదివినా ఆ పేరుకు ‘ఆకాశ దర్పణం’ అని అర్థం చెబుతున్నారు. దీని వ్యుత్పత్తి ఏమిటి? కొందరు ‘ఫలక్‌నామా’ అని కూడా రాస్తున్నారు. ఏది సరైన రూపమో పెద్దలు తెలియజేయగలరు.

జవాబు: ఇది రెండు మాటల సమాసం. ‘ఫలక్’ అరబ్బీ నుంచి పారశీకానికి, అక్కడి నుంచి ఉర్దూకు వచ్చిన పదం. స్థూలంగా ఆకాశమని చెప్పుకుంటున్నా, గ్రహనక్షత్రాలు పరిభ్రమించే గోళమన్నది దాని లోతైన అర్థం. అరబ్బీలో ఖగోళశాస్త్రాన్ని ‘ఇల్మ్ అల్ ఫలక్’ అనడం అందువల్లనే. రెండవది ‘నుమా’. చూపడం, కనబరచడం అనే అర్థాలున్న ‘నమూదన్’ అనే పారశీక క్రియకు సంబంధించిన రూపమిది. మరొక పదం చివర చేరి ‘చూపేది’, ‘చూపేవాడు’ అనే అర్థాలనిస్తుంది. దారి చూపేవాడు రహ్‌నుమా. నమాజు చేయవలసిన దిక్కును చూపే పరికరం కిబ్లానుమా. మన దిక్సూచి ఉర్దూలో కుతుబ్‌నుమా. ఈ వరుసలో నిలిపి చూస్తే ఫలక్‌నుమా అంటే ఆకాశాన్ని చూపేది అని తేలుతుంది. అద్దానికి పారశీకంలో ‘ఆయినా’ అనే వేరే మాట ఉంది. అది ఈ సమాసంలో ఎక్కడా లేదు. చూపడమనే భావాన్ని పట్టుకుని దర్పణమనే పోలికను తెచ్చి ఉంటారు. హోటల్ పరిచయాలలో ఆ ఇంగ్లీషు వ్యాఖ్యానమే కనిపిస్తుంది. మన పత్రికలు దానిని తెలుగు చేస్తున్నాయి. కవితాత్మకమైన వర్ణనగా దానికి అభ్యంతరం లేదు కాని, నిఘంటువు చెప్పే అర్థం అన్నట్టుగా రాయడం నాకు సమ్మతం కాదు.

‘నుమా’ మనకు అపరిచితమైన మాట కాదు. నాంపల్లిలో ఏటా జరిగే నుమాయిష్ దీని తోబుట్టువే. పది మందికీ చూపేది కనుక అది ప్రదర్శన. దుకాణంలో చూపించే ‘నమూనా’ కూడా ఆ ధాతువు నుంచి వచ్చినదే. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ‘నమోదు’. కేసు నమోదు, ఓటర్ల నమోదు, ఉష్ణోగ్రత నమోదు అని రోజూ రాస్తాం. పారశీకంలో ‘నమూద్’ అంటే కనబడడం, వ్యక్తం కావడం. కాగితం మీద కనబడేటట్టు చేయడమే నమోదు చేయడమైంది. సర్కారు కచేరీల రాతకోతల ద్వారా తెలుగులోకి వచ్చిన ఈ మాట ఎంతగా కలిసిపోయిందంటే, దానిని పరాయి మాటగా ఇప్పుడెవరూ గుర్తించరు.

ఇక ‘ఫలక్‌నామా’ అన్నది తప్పు. ‘నామా’ అంటే రాత, పత్రం. వీలునామా, రాజీనామా, పంచనామా, చిరునామా మనకు బాగా అలవాటైన మాటలు కావడం వల్ల చేయి అటు జారుతున్నది. ఫలక్‌నామా అంటే ఆకాశపత్రం అవుతుంది. సంస్కృత ‘ఫలకం’ గుర్తుకు వచ్చినవారికి పేరు రాసిన పలక అనిపించినా ఆశ్చర్యం లేదు. రెండు అర్థాలూ ఈ భవనానికి పొసగవు.

భవనం ఉన్న తీరును చూస్తే ఈ పేరు ఎంత సార్థకమో తెలుస్తుంది. ‘పైగా’ అనే ప్రభువంశానికి చెందిన నవాబు వికార్-ఉల్-ఉమ్రా చార్మినార్‌కు దక్షిణాన సుమారు 5 కిలోమీటర్ల దూరంలో, ఒక గుట్ట మీద 1884లో దీని నిర్మాణం ప్రారంభించాడు. ఆయన తరువాతి కాలంలో హైదరాబాదు రాజ్యానికి ప్రధానమంత్రి అయ్యాడు. విలియం వార్డ్ మారెట్ అనే ఆంగ్ల వాస్తుశిల్పి రూపకల్పన చేసిన ఈ భవనం తేలు ఆకారంలో ఉంటుందని చెబుతారు: రెండు పక్కల భాగాలు ఉత్తరంగా, నగరం వైపు చాచి ఉంటాయి, జనానా (స్త్రీల అంతఃపురం) మొదలైనవి వెనుక దక్షిణంగా సాగుతాయి. ఇటలీ పాలరాయి, వాల్‌నట్ చెక్కపై చెక్కడపు పనితో తీర్చిన గ్రంథాలయపు పైకప్పు, నూరుగురికి పైగా ఒకే బల్ల చుట్టూ కూర్చోగల భోజనశాల ప్రసిద్ధమైనవే. భాషాభిమానులు చూడవలసినది మరొకటి ఉంది. సామానుల మీద, గోడల మీద, పైకప్పుల మీద ‘వీ’, ‘ఓ’ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు పెనవేసుకుని కనిపిస్తాయి. అవి వికార్-ఉల్-ఉమ్రా పేరులోని పొడి అక్షరాలు. ఉమ్రాకు ‘ఓ’ ఎలా వచ్చిందని సందేహం కలగవచ్చు. ఉకారాన్ని రెండు ‘ఓ’లతో రాయడం ఆనాటి ఇంగ్లీషు వర్ణక్రమం. ఒక కాలపు లిప్యంతరీకరణ పద్ధతి గోడల మీద అలాగే నిలిచిపోయింది.

1890ల చివరలో ఈ భవనం ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ వశమైంది. ఆయన 1911లో ఇక్కడే కన్నుమూశాడు. ఆపైన రాజ అతిథులకు విడిది అయి, చాలాకాలం మూతపడి ఉండి, తాజ్ సంస్థ చేపట్టిన సుదీర్ఘమైన పునరుద్ధరణ తరువాత 2010లో హోటల్‌గా తెరుచుకుంది. ఈలోగా పేరు గుట్ట దిగి పేటకూ, రైల్వే స్టేషనుకూ, హౌరా–సికింద్రాబాదు ఎక్స్‌ప్రెస్‌కూ వ్యాపించింది. కోస్తా జిల్లాలలో ఈ మాట తెలిసినవారిలో చాలామందికి అది రైలు పేరుగానే తెలుసు.

మరొక సభ్యుని సందేహం: వివరణకు ధన్యవాదాలు. అయితే ఉర్దూలో ‘గుంబద్‌నుమా’ అంటే గుమ్మటం వంటిది, ‘ఇన్సాన్‌నుమా’ అంటే మనిషిని పోలినది కదండీ? ఆ లెక్కన ‘ఆకాశం వంటిది’ అన్న అర్థం ఎందుకు కాకూడదు?

జవాబు: మంచి ప్రశ్న అడిగారు. ‘నుమా’కు ఆ వాడుక ఉన్న మాట నిజం. వ్యాకరణం రెండు అర్థాలనూ అనుమతిస్తుంది. ‘ఆకాశం వంటిది’ అని చెప్పేవారు కూడా ఉన్నారు. అయినా నేను మొదటి అర్థం వైపే మొగ్గడానికి ఆధారం పక్కనే ఉన్న మరొక పేటలో దొరుకుతుంది. దాని పేరు జహాఁనుమా. జనం నోట జహనుమా అయింది. జహాఁ అంటే లోకం. పారశీక కవితా సంప్రదాయంలో జంషీద్ రాజు దగ్గర లోకమంతటినీ చూపే పానపాత్ర ఒకటి ఉండేదని ప్రసిద్ధి. దానిని జామ్-ఎ-జహాఁనుమా అంటారు. 1822లో కలకత్తా నుంచి వెలువడిన తొలి ఉర్దూ పత్రిక ఆ పేరునే పెట్టుకుంది. అక్కడ ‘లోకం వంటి పాత్ర’ అన్న అర్థం కుదరదు. ‘లోకాన్ని చూపే పాత్ర’ అన్నదే కుదురుతుంది. ఫలక్‌నుమా కూడా అదే మూసలో పోసిన పేరని నా అభిప్రాయం. ఆకాశానికి సాధారణంగా వాడే ‘ఆస్మాన్’ను వికార్-ఉల్-ఉమ్రా పుట్టిన ‘పైగా’ వంశానికే చెందిన మరో ప్రధానమంత్రి ఆస్మాన్ జా బిరుదులోనూ, ఆయన కట్టించిన ఆస్మాన్‌గఢ్ పేరులోనూ చూస్తాం. ఈ భవనానికి మాత్రం ‘ఫలక్’ అనే మరింత గ్రాంథికమైన మాటను ఎంచుకున్నారు.

తెలుగులో అర్థం రాయవలసి వచ్చినప్పుడు ‘గగనదర్శిని’ అంటే మూలానికి దగ్గరగా ఉంటుంది. పేరును రాసేటప్పుడు ‘క్’ పొల్లును విడిగా నిలిపి ‘ఫలక్‌నుమా’ అని రాయడం మంచిది. ‘ఫలక్నుమా’ అని వత్తుగా కలిపితే రెండు పదాల మధ్య విరుపు కనిపించదు.