ఒకే వీఆర్ హెడ్‌సెట్ దృశ్యాన్ని ప్రొజెక్టర్‌కూ ట్యాబులకూ వైర్‌లెస్‌గా ఒకేసారి పంపడం ఎలా?

తరగతిగది:
అందరికీ నమస్కారం. నేను ఇంటర్మీడియట్ విద్యార్థులకు జంతుశాస్త్రం బోధిస్తాను. మా కళాశాలలో మెటా క్వెస్ట్ 3 హెడ్‌సెట్ ఒక్కటే ఉంది. ఒక విద్యార్థి దానిని ధరించి గుండె త్రిమితీయ నమూనా లోపల తిరుగుతున్నప్పుడు, మిగిలినవారందరూ అదే దృశ్యాన్ని ప్రొజెక్టర్ మీదా, వెనుక వరుసల వారు తమ చేతుల్లోని ట్యాబుల మీదా చూడాలన్నది నా కోరిక. హెడ్‌సెట్‌లోని కాస్టింగ్ (లోపలి దృశ్యాన్ని వేరే తెరకు పంపే సౌకర్యం) ద్వారా ఫోన్‌కు గానీ, కంప్యూటర్‌లోని బ్రౌజర్‌కు గానీ దృశ్యం చక్కగా వస్తోంది. అయితే ఒక పరికరానికి పంపుతున్నంతసేపూ రెండవదానికి పంపడం కుదరడం లేదు. ఇంకొక విషయం కూడా ఉంది. నేను ఎడమ జఠరిక గురించి చెబుతున్న సమయానికి ట్యాబులలో ఇంకా కుడి కర్ణికే కనిపిస్తూ ఉంటే పాఠం దెబ్బతింటుంది కనుక, ఆలస్యం ఒక సెకనుకు మించకూడదు. ట్యాబులు పన్నెండు ఉన్నాయి. మార్గం తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

తీగలులేనివాడు:
మాస్టారూ, పన్నెండు ట్యాబులకు విడివిడిగా పంపే పనిని హెడ్‌సెట్ మీద పెట్టకండి. అది రెండు కళ్ళకు రెండు చిత్రాలను సెకనుకు 72 నుండి 120 సార్లు గీస్తూ, తల కదలికలను గమనిస్తూ, ఆ పైన వీడియోను కుదించి పంపుతోంది. ఇదంతా ఒక చిన్న బ్యాటరీ మీదే జరుగుతోంది. కనుక హెడ్‌సెట్ ఒక్క ల్యాప్‌టాప్‌కు ఒక్కసారి మాత్రమే పంపాలి. ప్రతులు తీసి పంచే పని ల్యాప్‌టాప్ చూసుకోవాలి.

మొదటి అంచెకు స్క్రీన్‌కాపీ (ఎస్‌సీఆర్‌సీపీవై అని రాస్తారు) అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. క్వెస్ట్ కూడా లోపల ఆండ్రాయిడే కాబట్టి, డెవలపర్ మోడ్ (కంప్యూటర్ నుండి హెడ్‌సెట్‌ను అందుకోనిచ్చే సెట్టింగ్) పెట్టి, ఒకసారి యూఎస్‌బీ తీగతో కలిపి అనుమతి ఇస్తే, ఆ తరువాత వైఫై మీదనే దృశ్యం ల్యాప్‌టాప్‌కు వస్తుంది. రెండు కళ్ళ చిత్రాలూ పక్కపక్కన కనిపిస్తాయి గనుక, క్రాప్ ఆప్షన్‌తో ఒక కంటి చిత్రాన్ని మాత్రమే ఉంచుకోండి. డెవలపర్ మోడ్‌కు మీ కళాశాల ఒప్పుకోకపోతే, ఇప్పుడు మీరు చేస్తున్నట్లే బ్రౌజర్‌కు కాస్ట్ చేసి ఆ విండోనే తీసుకోవచ్చు. ఆలస్యం కొంత పెరగవచ్చు.

రెండవ అంచెలో ఓబీఎస్ స్టూడియో అనే ఉచిత ప్రసార సాఫ్ట్‌వేర్‌తో ఆ విండోను పట్టుకుని, అదే ల్యాప్‌టాప్‌లో నడిచే మీడియాఎంటీఎక్స్ అనే సర్వర్‌కు (వచ్చిన వీడియోను అందరికీ పంచే సాఫ్ట్‌వేర్) విప్ (డబ్ల్యూహెచ్‌ఐపీ) అనే ప్రసార పద్ధతిలో పంపండి. 2023లో వచ్చిన ఓబీఎస్ 30 నుండి ఈ సౌకర్యం ఉంది. విద్యార్థులు ట్యాబులో ఏ యాప్ కూడా వేసుకోనక్కరలేదు. ల్యాప్‌టాప్ ఐపీ చిరునామా, 8889 పోర్టు, మీరు పెట్టిన పేరు బ్రౌజర్‌లో కొడితే చాలు. దృశ్యం వెబ్‌ఆర్‌టీసీ (బ్రౌజర్‌కు వీడియోను అప్పటికప్పుడు పంపే పద్ధతి) ద్వారా వస్తుంది కాబట్టి ఆలస్యం సాధారణంగా సెకను లోపే ఉంటుంది. అదే సర్వర్ ఇచ్చే హెచ్‌ఎల్‌ఎస్ అనే మరో రకం లింకును మాత్రం వాడకండి, అది వీడియోను ముక్కలుగా కోసి పంపుతుంది గనుక కొన్ని సెకన్లు వెనుకబడుతుంది. ఓబీఎస్‌లో బీ-ఫ్రేములను (ముందూ వెనుకా ఉన్న చిత్రాల ఆధారంగా కుదించే చిత్రాలు) సున్నాకు పెట్టడం మరవకండి. వెబ్‌ఆర్‌టీసీకి అవి పనికిరావు.

రూటరుమేస్త్రి:
పైవారు చెప్పిన మార్గమే సరైనది. అయితే ఇటువంటి ఏర్పాట్లు ఎక్కువగా దెబ్బతినేది వైఫై దగ్గరే కనుక ఆ సంగతి కొంత వివరంగా రాస్తున్నాను.

వైఫైలో ఒక ఛానెల్‌లో సాధారణంగా ఒక సమయంలో ఒక్క పరికరమే మాట్లాడగలదు. ల్యాప్‌టాప్ కూడా వైఫై మీదే ఉంటే, ప్రతి ట్యాబుకు వెళ్ళే దృశ్యం ముందు ల్యాప్‌టాప్ నుండి రూటరుకు, మళ్ళీ రూటరు నుండి ట్యాబుకు, అంటే గాలిలో రెండుసార్లు ప్రయాణిస్తుంది. ల్యాప్‌టాప్‌ను ల్యాన్ తీగతో రూటరుకు కలిపితే ఆ భారం సగానికి తగ్గుతుంది. 720పీ దృశ్యానికి 4 ఎంబీపీఎస్ చొప్పున పన్నెండు ట్యాబులకు 48 ఎంబీపీఎస్ అవుతుంది. మంచి 5 గిగాహెర్ట్జ్ రూటరు దీనిని మోయగలదు, 2.4 గిగాహెర్ట్జ్ మీద ఆశ పెట్టుకోకండి. వీలైతే పాత రూటరు ఇంకొకటి తెచ్చి, ఒకదానికొకటి అడ్డురాకుండా హెడ్‌సెట్‌ను 36వ ఛానెల్‌లోనూ ట్యాబులను 149వ ఛానెల్‌లోనూ ఉంచండి.

మల్టీకాస్ట్‌తో (ఒకే ప్రతిని అందరికీ కలిపి పంపే పద్ధతి) ఒక్కసారి పంపితే అందరికీ చేరుతుంది కదా అని కొందరు సలహా ఇస్తారు. తీగల నెట్‌వర్క్‌లో అది నిజమే. వైఫైలో మాత్రం మల్టీకాస్ట్ ప్యాకెట్లు సాధారణంగా అతి తక్కువ వేగంతో వెళతాయి, పోయిన ప్యాకెట్‌ను తిరిగి పంపడం ఉండదు, అందుచేత బొమ్మ చెదిరిపోతుంది.

కళాశాలల వైఫైలో తరచుగా క్లయింట్ ఐసొలేషన్ పెట్టి ఉంచుతారు. అది ఉంటే ఒక పరికరానికి మరొకటి కనిపించదు. దానిని తీయించడానికి తిరగడం కంటే, ఇంటర్నెట్ లేని సొంత రూటరు పెట్టుకోవడం మేలు. స్క్రీన్‌కాపీకి గానీ మీడియాఎంటీఎక్స్‌కు గానీ ఇంటర్నెట్‌తో పని లేదు.

నల్లబల్ల:
నేనూ అధ్యాపకురాలినే కాబట్టి చూసే పిల్లల వైపు నుండి ఒక మాట. హెడ్‌సెట్ ధరించినవారికి తల తిప్పడం సహజంగానే ఉంటుంది గానీ, కూర్చుని తెర చూసేవారికి ఆ కుదుపుకు కళ్ళు తిరుగుతాయి. ధరించిన విద్యార్థిని నెమ్మదిగా తల కదపమనీ, ఒక్కొక్క భాగం ముందు కాసేపు ఆగమనీ ముందే చెప్పండి. పాఠానికి అది కూడా మంచిదే. ట్యాబులకు శబ్దం పంపకండి, పన్నెండు ట్యాబుల్లో ఒకే మాట కాస్త ముందూవెనుకలుగా వినిపిస్తే ఏదీ అర్థం కాదు. చుట్టూ ఉన్న గది కనిపించే పాస్‌త్రూ యాప్‌లు వాడితే తోటి పిల్లల ముఖాలు కూడా దృశ్యంలోకి వస్తాయి కనుక, దయచేసి ఆ ప్రసారాన్ని తరగతి దాటనివ్వకండి.

తరగతిగది:
ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ల్యాప్‌టాప్‌ను తీగతో కలిపి, విడి రూటరుతో ప్రయత్నిస్తాను. ప్రొజెక్టర్‌కు కూడా బ్రౌజర్ లింకే ఇవ్వాలా?

తీగలులేనివాడు:
అవసరం లేదు మాస్టారూ. ల్యాప్‌టాప్ నుండి హెచ్‌డీఎంఐ తీగతో ప్రొజెక్టర్‌కు కలిపి, ఓబీఎస్‌లో ఫుల్‌స్క్రీన్ ప్రొజెక్టర్ ఎంచుకోండి. పెద్ద తెర మీద దృశ్యం ట్యాబుల కంటే కొంచెం ముందే కనిపిస్తుంది. కనుక మీరు తెరను చూస్తూ పాఠం చెబుతున్నప్పుడు వెనుక వరుసల కోసం ఒక క్షణం ఆగితే సరిపోతుంది.