అప్‌డేట్: స్క్రాప్‌బుక్ బ్యాక్‌గ్రౌండ్ సైజు కుదిరింది

12 అంగుళాల చదరపు బ్యాక్‌గ్రౌండ్‌ని 8 అంగుళాల పేజీకి ఎలా తగ్గించాలి, ఫొటోలు పాడవకుండా ఎలా క్రాప్ చేయాలి అని అడిగాను కదా. మీరు చెప్పినట్టే 300 డీపీఐలో (అంటే అంగుళానికి 300 చుక్కలు) 3600 పిక్సెళ్ల ఫైల్‌ని 2400కి తగ్గించాను. డిజైన్ చెక్కుచెదరలేదు. ఏ4 పేజీకైతే 2480 బై 3508 పిక్సెళ్లు కావాలి కాబట్టి, అసలు 3600 ఫైల్‌నే తీసుకుని పక్కలు కత్తిరించాను. సాగదీస్తే పువ్వులు దోసకాయల్లా అవుతున్నాయి మరి!

ఫొటోలకి క్లిప్పింగ్ మాస్కే హాయి, అంటే ఫొటోని కత్తిరించకుండా ఫ్రేము లోపలి భాగం మాత్రమే కనిపించేలా చేయడం. అసలు ఫొటో అలాగే ఉంటుంది, ఫ్రేములో ఎటైనా జరుపుకోవచ్చు. మెరీనాలో అమ్మమ్మ ఫొటోలో బజ్జీల బండి కనిపించడం లేదని అక్క గొడవ చేస్తే, కాస్త జరిపి మళ్లీ తెచ్చేశాను. వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన ఫొటోలు మాత్రం పెద్దవి చేస్తే మసకే. వాటిని డాక్యుమెంట్‌గా పంపమన్నాను, ఇంకా రాలేదు. మిగతా పేజీలు టి.నగర్‌లో ప్రింట్‌కి ఇచ్చేశా.