లో డి విజిల్ కొనాలా, లో జి తో మొదలుపెట్టాలా?

లిఫీ_ఒడ్డున: డబ్లిన్‌లో ఉంటాను. రెండేళ్లుగా మామూలు హై డి టిన్ విజిల్ (నిలువుగా పట్టి ఊదే ఆరు రంధ్రాల ఐరిష్ పిల్లనగ్రోవి) వాయిస్తున్నాను, ఫ్యాడోగ్ వాళ్లది. ఇప్పుడు కింది శ్రుతిలో ఒకటి కొనాలని ఉంది. లో డి మంచిదా, లో జి మంచిదా? నావి చిన్న చేతులు. 150 యూరోల దాకా పెట్టగలను. వాడినవాళ్లు చెప్పండి.

ఉప్మా_పెసరట్టు: నాకు తెలిసింది కుక్కర్ విజిల్ ఒక్కటే. అయినా చదువుతుంటాను, కానివ్వండి.

ఆరు_రంధ్రాలు: లో డి. రెండో మాట లేదు. ఐరిష్ ట్యూన్లలో ఎక్కువ భాగం డి, జి స్కేళ్లలోనే ఉంటాయి. పబ్‌లో సెషన్‌కి, అంటే వాయించేవాళ్లంతా కూడి వాయించే చోటికి వెళ్తే ఫిడిల్, ఫ్లూట్, పైప్స్ అందరూ అక్కడే వాయిస్తారు. లో జి తో జి ట్యూన్లు వస్తాయి కదా అంటారేమో, వాటిలో చాలా ట్యూన్లు కింద డి దాకా దిగుతాయి. లో జి లో ఆ స్వరమే లేదు. ఇక చేతులంటారా, వేలి కొసలతో మూస్తే ఎవరికీ అందదు. వేళ్లు చాచి, నడిమి కణుపు దగ్గరి కండతో మూయాలి. ఇలియన్ పైప్స్ (తిత్తితో గాలి కొట్టి పలికించే ఐరిష్ వాద్యం) వాయించేవాళ్లు పట్టేది అలాగే. ఓ నెల కీచుమంటుంది, తర్వాత దారికొస్తుంది.

కొండవాగు: ఆ "ఓ నెల" మాట నమ్మే నేను ఆరు నెలలు విజిల్ ముట్టుకోకుండా కూర్చున్నాను. హై డి పొడవు దాదాపు 30 సెంటీమీటర్లు, లో డి ఇంచుమించు దానికి రెట్టింపు. రంధ్రాలూ పెద్దవి, వాటి మధ్య దూరమూ ఎక్కువే. నేను ఆన్‌లైన్‌లో కొన్న దానికి రంధ్రాల అంచులు కూడా సరిగా నున్నగా చేయలేదు. పట్టుదలగా రోజూ గంటసేపు వాయించాను. కుడి మణికట్టు పట్టేసి ఫిజియోథెరపీకి తిరగాల్సి వచ్చింది. షాపువాడు వెనక్కి తీసుకోనన్నాడు. లిఫీ గారూ, ముందు లో జి, చెయ్యి అలవాటయ్యాక లో ఎఫ్, ఆ తర్వాతే లో డి.

మేళకర్త72: ఇంత గొడవెందుకు? డి అంటే మన 2 శ్రుతే కదా. ఊరికి వచ్చినప్పుడు 2 శ్రుతి వేణువు ఒకటి కొనుక్కోండి. గమకం లోహంలో పలుకుతుందా?

ఆరు_రంధ్రాలు: మేళకర్త గారూ, లెక్క తప్పింది. విజిల్‌కి పేరు ఆరు రంధ్రాలూ మూస్తే పలికే స్వరాన్ని బట్టి పెడతారు. కర్ణాటక వేణువులో పై రెండు రంధ్రాలు మూస్తే షడ్జం. అదే వేళ్లు డి విజిల్ మీద పెడితే పలికేది ఎ, అంటే 6 శ్రుతి.

మేళకర్త72: అలాగైతే ఆరూ మూస్తే మధ్యమం రావాలి.

ఆరు_రంధ్రాలు: అదే వస్తుంది. ఎ ని షడ్జం అనుకుంటే డి శుద్ధ మధ్యమమే. వరసగా తెరుచుకుంటూ పోతే హరికాంభోజి రాగం వస్తుంది, వాయించి చూసుకోండి.

మేళకర్త72: ఒప్పుకున్నా, ఆ ఒక్క ముక్క వరకే. కానీ అసలు ఈ లో విజిల్ ఎక్కణ్ణుంచి వచ్చింది? ఐరిష్ పైప్స్ కళాకారుడు ఫిన్‌బార్ ఫ్యూరీ దగ్గరున్న ఇండియా వెదురు వేణువు పాడైపోతే, దాని బదులుగా 1971లో బెర్నార్డ్ ఓవర్టన్ అనే ఇంగ్లండ్ ఆయన లోహంతో చేసిచ్చాడు. అసలుది మన దగ్గరుండగా నకలు దేనికండీ?

ఆరు_రంధ్రాలు: వెదురు పాడైందని లోహంతో చేయించుకున్నాడు. మీరు మళ్లీ వెదురే కొనమంటున్నారు! పైగా అడ్డంగా ఊదే వేణువుకి పెదవి కుదరాలి. లిఫీ గారు అడిగింది విజిల్.

గోరుముద్ద: ఏది కొన్నా చలికాలంలో గాలిదారిలో తేమ చేరి గొంతు పూడుకుపోతుంది. గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క నీళ్లలో కలిపి లోపల పోసి ఆరనివ్వండి. నేను అదే చేస్తాను.

కొండవాగు: ఆరు_రంధ్రాలు గారూ, మాటకి ముందు సెషన్, వెనక సెషన్. నేనూ వెళ్లాను. నాలుగు ఫిడిళ్లు, ఒక బాంజో, ఒక అకార్డియన్. లో డి కింది స్థాయి నా చెవికే వినపడలేదు. సగం రాత్రయ్యాక పక్కాయన, "హై విజిల్ తెచ్చుకోలేదా?" అని మర్యాదగానే అడిగాడు. మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు.

ఆరు_రంధ్రాలు: అందుకే కదా గట్టిగా పలికేది తీసుకోవాలనేది. విజిళ్లు చేసే గోల్డీ వాళ్లు ఊపిరి ఎంత పట్టాలో దాన్ని బట్టి మెత్తనివి, మధ్యరకం, గట్టివి అని విడిగా చేస్తారు. మీకు నప్పనిది కొని, ఒకడేదో అన్నాడని ఇంట్లో కూర్చుని, కొత్తవాళ్లని కూడా ఇంట్లోనే కూర్చోమంటే ఎలా? ఆ సంగీతం పదిమందిలో పుట్టింది.

కొండవాగు: అదీ అసలు సంగతి, ఇప్పటికి బయటపడ్డారు. ఒంటరిగా వాయించుకునేవాడు మీ దృష్టిలో వాయించేవాడే కాదు. ఆ నెమ్మది పాటలు ఒక్కడు కూర్చుని వాయిస్తే ఎలా ఉంటుందో మీరెప్పుడైనా విన్నారా? నాకు కావలసింది అంతే. దానికి ఏ శ్రుతైనా ఒకటే.

ఆరు_రంధ్రాలు: నేనలా అనలేదు. పదిమందితో కలవడానికి పనికిరాని శ్రుతి మొదట్లోనే కొంటే, ఆ తర్వాత ఇక కలవరు అన్నాను. నా సంగతే అది. ఐదేళ్లు ఎఫ్ విజిల్‌తో గదిలోనే గడిపాను.

ఉప్మా_పెసరట్టు: లిఫీ గారిని ఎవరైనా అడిగారా, ఎక్కడ వాయిస్తారని?

లిఫీ_ఒడ్డున: క్షమించాలి, ముందే చెప్పాల్సింది. సెషన్‌కి వెళ్లే తీరిక లేదు. మా పాపకి ఐదో నెల. హై డి ఊదితే నిద్రలేస్తుంది, పక్క ఫ్లాట్ ఆవిడ గోడ తడుతుంది. జోలపాట లాంటిది మెల్లగా వాయించుకోవాలని, అంతే.

కొండవాగు: లో జి! నేను మొదటే చెప్పానుగా.

ఆరు_రంధ్రాలు: జోలకైనా లో డి గొంతు వేరు. డిక్సన్ ప్లాస్టిక్‌ది చూడండి, తేలిగ్గా ఉంటుంది. కొనేముందు ఒక పని చేయండి. లో డి కొలతలు తీసుకుని, పాత న్యూస్‌పేపర్ గొట్టంలా చుట్టి రంధ్రాలు గీసి పట్టి చూడండి.

లిఫీ_ఒడ్డున: ఇప్పుడే చుట్టి చూశాను. ఐదు వేళ్లు సరిపోయాయి. కుడి ఉంగరపు వేలు మాత్రం చివరి రంధ్రానికి అందట్లేదు.

ఆరు_రంధ్రాలు: కొసతో పెట్టారా, కణుపుతోనా?

లిఫీ_ఒడ్డున: కొసతో.

ఆరు_రంధ్రాలు: మరి?