తాయిన్‌లో కనిపించేది క్రీస్తుకు ముందటి ఐర్లాండా, దాన్ని రాసిన క్రైస్తవ సన్యాసుల ఐర్లాండా?

పాతకథల పిచ్చి:
ఈ ప్రశ్న నన్ను చాన్నాళ్లుగా వదలడం లేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. తాయిన్ బో కూలిన్యా ఒక పాత ఐరిష్ వీరగాథ, పేరుకి కూలిన్యా గోగ్రహణం అని అర్థం అనుకోండి. ఐర్లాండ్ పడమటి రాజ్యం కొన్నాక్ట్ రాణి మేవ్, ఉత్తరాన ఉన్న అల్‌స్టర్ రాజ్యంలోని దోన్ అనే ఆంబోతు కోసం దండెత్తి వస్తుంది. అల్‌స్టర్ యోధులంతా మాహా అనే స్త్రీ పెట్టిన శాపం వల్ల పురిటి నొప్పులతో పడి ఉంటారు, శాపం తగలని 17 ఏళ్ల కూ హులిన్ ఒక్కడే ఏటి రేవుల్లో అడ్డం నిలబడి వచ్చిన వాడిని వచ్చినట్టు ద్వంద్వయుద్ధంలో పడగొడుతుంటాడు.

ఇదంతా క్రీస్తు పుట్టిన రోజుల్లో జరిగిందని ఐరిష్ వాళ్లే చెప్పుకున్నారు. కానీ చేతికందిన రాతప్రతుల్లో పాతది 1100 ప్రాంతంది. మధ్యలో వెయ్యేళ్ల ఖాళీ. కెల్టిక్ భాషల పండితుడు కెనెత్ జాక్సన్ 1964లో కేంబ్రిడ్జి ఉపన్యాసంలో, ఈ కథలు ఇనుప యుగాన్ని, అంటే ఐర్లాండ్‌కి క్రైస్తవం రాకముందటి కాలాన్ని చూపించే కిటికీ అన్నారు. నేను ఆయన పక్షమే. రథాల మీద యుద్ధం, చంపినవాడి తల నరికి తెచ్చుకోవడం, విందులో మేలైన మాంసం ముక్క ఎవరిదని వీరులు తన్నుకోవడం, ఇవన్నీ గాల్ దేశపు (ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతం) కెల్టు జాతుల గురించి గ్రీకులు రాసిపెట్టిన వాటితో సరిపోతున్నాయి. కథలో చర్చి లేదు, బిషప్పు లేడు. ఎవిన్ మాహా రాజధానిగా అల్‌స్టర్ అంత పెద్ద రాజ్యంగా వెలగడం కూడా 5వ శతాబ్దం తర్వాత కుదరని పని. మఠంలో కూర్చుని ఇవన్నీ ఎవరైనా ఊహించి రాస్తారా?

తవ్వకాల మనిషి:
అన్నా, బిషప్పు లేకపోవడం రుజువెలా అవుతుంది? క్రీస్తు కాలం నాటి కథ రాస్తున్నప్పుడు ఐర్లాండ్‌లో బిషప్పు ఉండకూడదని ఆ సన్యాసులకి తెలియదా? బాగా చదువుకున్నవాళ్లు, లాటిన్ పుస్తకాలు తిరగేసినవాళ్లు.

కత్తుల సంగతి చూడండి. దీని మీద పురావస్తు శాస్త్రవేత్త జె.పి. మాలరీ చాలా పని చేశారు. కథల్లో వీరుడి కత్తి పొడవైనది, ఒక్క వేటుకి మనిషిని నిలువునా చీల్చేస్తుంది. ఐర్లాండ్‌లో దొరికిన ఇనుప యుగపు కత్తులు పొట్టివి, వాటితో ఆ పని కాదు. కథలో ఉన్నది రాసినవాళ్ల కాలానికి దగ్గరగా ఉన్న కత్తి. వెండి కూడా అంతే. తాయిన్‌లో ఎక్కడ చూసినా వెండే, ఇనుప యుగపు ఐర్లాండ్‌లో మాత్రం అది దాదాపు కనిపించదు.

ఇక ఎవిన్ మాహా. అది అర్మా పక్కనున్న నావన్ ఫోర్ట్. అక్కడ తవ్వితే 40 మీటర్ల అడ్డకొలత ఉన్న గుండ్రటి చెక్క కట్టడం బయటపడింది. నడిమి స్తంభం ఓక్ మాను, దాని వలయాలు లెక్కపెడితే చెట్టు నరికింది క్రీ.పూ. 95 ప్రాంతంలో అని తేలింది. అబ్బ, కథ కాలానికి ఎంత దగ్గరో అనిపిస్తుంది కదా. కానీ ఆ కట్టడంలో ఎవరూ కాపురం ఉన్న జాడ లేదు. కట్టారు, లోపలంతా రాళ్లు పేర్చి నింపారు, చెక్కకి నిప్పు పెట్టారు, పైన మట్టిగడ్డలు కప్పి దిబ్బ చేశారు. ఏదో పెద్ద క్రతువే జరిగింది. అంతకు ముందటి పొరల్లో ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చిన కోతి పుర్రె కూడా దొరికింది, అంటే ఆ చోటికి ఎంతో గొప్పతనం ఉండేదన్నమాట. కథలో అల్‌స్టర్‌ని ఏలే కాంకొవర్ రాజు పరివారంతో కొలువుండే విందుల సభ మాత్రం ఆ దిబ్బలో లేదు. ‘ఇది గొప్ప చోటు’ అన్న మాట ఒక్కటే వెయ్యేళ్లు నడిచొచ్చింది. మిగతాది రాసినవాళ్లు పోసిన ప్రాణం.

ఊళ్లపేర్లు:
మీ ఇద్దరూ కత్తుల దగ్గర ఆగిపోయారు గానీ తాయిన్ చదువుతుంటే నాకు అన్నిటికంటే ముందు కనిపించేది ఊళ్ల పేర్లు. ప్రతి రేవుకీ, ప్రతి గుట్టకీ ‘అందుకే దీనికి ఈ పేరొచ్చింది’ అని ఒక ముక్క. ఇలాంటి స్థలపురాణాలకి దిన్‌హెనహస్ అని ప్రత్యేక సాహిత్యమే ఉంది. పద్యాల్లో ఉన్నవాటిని ఎడ్వర్డ్ గ్విన్ 1903 నుంచి 1935 దాకా 5 భాగాలుగా అచ్చువేశారు.

తాయిన్ ముగింపే చూడండి. దోన్, మేవ్ వైపున్న తెల్లకొమ్ముల ఆంబోతుని చీల్చి చంపి, దాని ముక్కలు కొమ్ములకి తగిలించుకుని ఇంటికి బయల్దేరుతుంది. దారిలో దాని నడుము ముక్క పడిన చోటు ఆహ్ లూన్, ఇప్పటి అథ్లోన్. లూన్ అంటే నడుము దగ్గరి మాంసం కాబట్టి. కానీ ఆ పేరుని లూన్ అనే మనిషి రేవు అని కూడా చెబుతారు. ఇక ఎవిన్ మాహాకి ఒకచోట మాహా కన్న కవలల వల్ల ఆ పేరొచ్చిందంటారు, ఇంకోచోట మాహా తన మెడ దగ్గరి పిన్నుతో కోట హద్దు గీసింది కాబట్టి అంటారు. పేరు ముందే ఉంది, కథలు తర్వాత వచ్చి అతుక్కున్నాయి. పేరుని ముక్కలు చేసి అందులోంచి అర్థం లాగే ఈ పద్ధతి సెవిల్ బిషప్పు ఇసిడోర్ లాటిన్‌లో రాసిన ‘ఎటిమాలజీలు’ చదివినవాళ్లకి బాగా అలవాటు. ఆ పుస్తకం 7వ శతాబ్దానికే ఐర్లాండ్ చేరింది.

పాతకథల పిచ్చి:
ఊళ్లపేర్లు గారూ, మీరు చెప్పింది నా వాదనకే బలం. బాయిన్ నదిని తీసుకోండి. బోవన్ అనే స్త్రీ తాకకూడని బావి చుట్టూ తిరిగితే నీళ్లు పొంగి ఆమెని ముంచేసి నదై పారాయని కథ. రాతలో మధ్యయుగాలది. కానీ 2వ శతాబ్దంలో భూగోళ శాస్త్రజ్ఞుడు టాలెమీ ఆ నదిని బువిండా అని రాశాడు, అదే పేరు. క్రోహన్ దగ్గరున్న పిల్లుల గుహ సంగతి? దాని గుమ్మం రాతి మీద ఓగం అనే పాత ఐరిష్ గీతల లిపిలో ‘మెదువి కొడుకు వ్రాయ్‌కిది’ అని చెక్కి ఉంది. మెదువి అంటే మేవ్ పేరుకి, వ్రాయ్‌కి అంటే ఫ్రోయిహ్ పేరుకి పాత రూపాలు. కథల్లో మేవ్ రాజధాని అదే క్రోహన్. ఫ్రోయిహ్ అనే వీరుడూ ఆ కథల్లోవాడే. మఠాల్లో తాయిన్ ప్రతులు రాయడానికి ఎన్నో వందల ఏళ్ల ముందే ఆ పేర్లు ఆ రాతి మీద ఉన్నాయి. దీన్ని కాకతాళీయం అనేసి పక్కన పెట్టలేను.

తవ్వకాల మనిషి:
పేర్లు పాతవే, ఒప్పుకున్నా. బువిండా అన్న పేరు ఉండటం వేరు, బావి కథ అప్పుడే ఉండటం వేరు. టాలెమీ పేరొక్కటే ఇచ్చాడు, కథ ఇవ్వలేదు.

ఊళ్లపేర్లు:
నాకు బాధగా ఉండేది ఇంకొకటి. ఇనుప యుగం కావాలి అనుకునేవాళ్లకి సన్యాసులు అడ్డుగోడలా కనిపిస్తారు. కానీ తాయిన్ ఎలా దొరికిందో చెప్పే ఒక పాత ఐరిష్ కథ ఉంది. కవులెవరికీ తాయిన్ పూర్తిగా గుర్తులేదు. ఎవరో దాన్ని తూర్పు దేశానికి పట్టుకెళ్లి, బదులుగా ఒక పెద్ద పుస్తకం తెచ్చుకున్నారు. ఆ పుస్తకం నేను పైన చెప్పిన ఇసిడోర్‌దే. అప్పుడు కవి ముర్‌గెన్ తాయిన్ వీరుల్లో ఒకడైన ఫెర్గస్ సమాధి దగ్గర కూర్చుంటే పొగమంచు కమ్ముకుంటుంది, చచ్చిపోయిన ఫెర్గస్ పచ్చటి వస్త్రంతో లేచొచ్చి మొదటి నుంచి చివరి దాకా కథ చెబుతాడు. కొత్త చదువు కోసం సొంత కథని పోగొట్టుకున్నామన్న గుబులు ఈ రాతగాళ్లకే ఉండేది! దాన్ని వాళ్లే కథగా చెప్పుకున్నారు.

లెన్‌స్టర్ పుస్తకం అనే 12వ శతాబ్దపు రాతప్రతిలో తాయిన్ అయిపోయాక రెండు మాటలు ఉంటాయి. ఐరిష్‌లో ఒకటి: దీన్ని ఉన్నదున్నట్టు కంఠస్థం చేసి, వేరే రూపం కలపని వాళ్లకి దీవెన. వెంటనే లాటిన్‌లో ఇంకొకటి: ఇది చరిత్ర అనడం కంటే కట్టుకథ అనాలి, ఇందులో కొన్ని దయ్యాల మాయలు, కొన్ని కవుల కల్పనలు, కొన్ని మూర్ఖులకి వినోదం, నేను వీటిని నమ్మను. నమ్మనన్న కథని అంత పొడవునా ఓపికగా రాయడమంటే మాటలు కాదు. 800 ప్రాంతంలో ఆంగస్ అనే సన్యాసి, ఎవిన్ కోట పోయింది, రాళ్లే మిగిలాయి, మన మఠాలు నిండుగా ఉన్నాయి అని సంబరంగా పద్యం రాశాడు. అలాంటి వాళ్ల తర్వాతి తరాలే ఆ పాడుబడ్డ ఎవిన్‌లో మళ్లీ రాజుని కూర్చోబెట్టి విందులు పెట్టించాయి. ఐర్లాండ్‌లో ఆర్డీ అనే ఊరుంది, పేరుకి ఫెర్డియా రేవు అని అర్థం. అలా ఆ పేరులో ఇప్పటికీ ఫెర్డియా ఉన్నాడు, కూ హులిన్ ఏడుస్తూ చంపిన చిన్ననాటి స్నేహితుడు. ఆ రేవులో నిజంగా ఎవరైనా చచ్చారో లేదో తవ్వి చెప్పలేం. ఆ ఏడుపుని అంత గొప్పగా రాసింది మాత్రం మధ్యయుగపు మనిషే, ఆ ఘనత అతనికి ఇవ్వకుండా ఇనుప యుగానికి కట్టబెట్టడం నాకు ఇష్టం లేదు.