చెన్నై నుంచి డల్లాస్‌కి అసలు ఎన్ని గంటలు?

వేలచ్చేరి వనజ:
జులైలో అమ్మని అన్నయ్య దగ్గరికి, డల్లాస్ పక్కనున్న ఇర్వింగ్‌కి పంపుతున్నాం. దుబాయ్ మీదుగా వెళ్లే టికెట్లో తెల్లవారుజామున 4కి మీనంబాక్కం ఎయిర్‌పోర్టులో ఎక్కితే అదే రోజు సాయంత్రం 4కి డల్లాస్‌లో దిగుతారని ఉంది. "పన్నెండు గంటలేగా, హైదరాబాదు బస్సులో కూర్చోలేదా" అని అమ్మ ధీమా. నాకు లెక్క కుదరట్లేదు. ఫ్రాంక్‌ఫర్ట్, లండన్ మీదుగా కూడా టికెట్లున్నాయి. ఏది దగ్గర దారి? అమ్మకి 68, మోకాళ్ల నొప్పులు, షుగరు.

పెరంబూరు మాస్టారు:
వనజమ్మా, జులైలో డల్లాస్ మనకంటే పదిన్నర గంటలు వెనక. అక్కడ సాయంత్రం 4 అంటే ఇక్కడ మర్నాడు తెల్లవారుజామున 2:30. మొత్తం 22న్నర గంటలు. చలికాలంలో తేడా ఇంకో గంట పెరుగుతుంది.

ఇక దూరం. భూగోళం పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, ఇది అడిగితే ఊరుకోలేను. గోడ మీద పటం వదిలేసి, గ్లోబు మీద దారం బిగించి చూడండి. చెన్నై 80 డిగ్రీల తూర్పు, డల్లాస్ 97 డిగ్రీల పడమర. కలిపితే 177. దాదాపు ఎదురెదురు రేఖాంశాలన్నమాట. అందుకే దారం తూర్పుకీ పోదు, పడమరకీ పోదు, ఉత్తర ధ్రువం పక్కనుంచి దిగుతుంది. అలా సుమారు 14,900 కిలోమీటర్లు. ఆ దారిన నేరు విమానం లేదు.

మీ మూడు దారులూ కూడి చూశాను. దుబాయ్: 2,930, ఆపైన 12,920. ఫ్రాంక్‌ఫర్ట్: 7,590, 8,260. లండన్: 8,230, 7,630. ఏది కూడినా 15,850 దగ్గరే తేలుతోంది! నాకే నమ్మకం కలక్క మళ్లీ కూడి చూశాను. అసలు విమానం గాలిని బట్టి ఇంకాస్త చుట్టు తిరుగుతుందనుకోండి. దుబాయ్ మీదుగా అయితే నాలుగు గంటలు, తర్వాత ఏకబిగిన పదహారు. ఐరోపా మీదుగా అయితే పదీ పదకొండు గంటల చొప్పున రెండు ముక్కలు. ఆ మోకాళ్లతో పదహారు గంటలు కూర్చోబెట్టకండి.

నంగనల్లూరు కోడలు:
మాస్టారూ, లెక్క సరే. మా అత్తగారికి ఇంగ్లీషు రాదు. దుబాయ్‌లో తెలుగో హిందీయో వచ్చినవాళ్లు ఎవరో ఒకరు దొరికారు, అదే ఆవిడకి ధైర్యం. వనజగారూ, ఏ దారైనా వీల్‌చైర్ టికెట్‌తోపాటే చెప్పి పెట్టండి. షుగరు మందులు చేతి సంచిలోనే ఉండాలి. ఇన్సులిన్ అయితే మరీ ముఖ్యం, కింద లగేజీలో గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఏ మాత్ర ఏ ఊరి టైముకో డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి.

వేలచ్చేరి వనజ:
అమ్మకి ఇంగ్లీషు ఫర్వాలేదు, స్కూల్లో పనిచేసింది. ఫ్రాంక్‌ఫర్టే చూస్తున్నాను, మధ్యలో మూడు గంటలు ఆగేది. తిరుగు ప్రయాణం కూడా ఇంతేనా?

పెరంబూరు మాస్టారు:
కాస్త తక్కువ. పడమటి నుంచి వీచే పైగాలులు వెనకనుంచి తోస్తాయి. దుబాయ్ దారిలోనైతే ఆ పెద్ద ముక్కలోనే గంటకు పైగా కలిసొస్తుంది. మూడు గంటల మజిలీ మంచిదే, అంతకంటే తక్కువది మాత్రం తీసుకోకండి.