గింజలకి వచ్చిన పిచ్చుకల్ని లెక్కలో ఎన్నని రాయాలి?

మేడమీద పెరడు:
ఎవరికి వారు తమ చుట్టూ కనబడ్డ పిట్టల్ని లెక్కపెట్టి రాసే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ ఈ ఏడాది (2026) ఫిబ్రవరి 13 నుంచి 16 దాకా. మాది హైదరాబాద్‌లో నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు, డాబా మీద కుండీల తోట. ఓ మూల వెడల్పాటి పళ్ళెంలో రోజూ పొద్దున్నే రెండు గుప్పిళ్ళ కొర్రలు, గుప్పెడు నూకలు పోస్తాం. శుక్రవారం 7 గంటలకి కూర్చుని 15 నిమిషాలు చూశాను. పళ్ళెం మీద వాలిన ప్రతి పిచ్చుకకీ ఒక గీత గీశాను. మొత్తం 57 గీతలు. పిట్టల లెక్కలు చేర్చే ఈబర్డ్ సైటులో 57 అనే పెట్టాను. వేరే గ్రూపులో ఒకాయన "గింజలకి వచ్చినవి లెక్కలోకి రావు, తీసెయ్యండి" అన్నారు. నిజమేనా?

దుర్భిణి:
ఆయన చెప్పింది తప్పు. పంజరంలోవి, పెంచుకునేవి రాయకూడదు. తనంతట తాను ఎగిరొచ్చిన పిట్ట గింజ తిన్నా పురుగు తిన్నా లెక్కలోదే.

కానీ మీ 57 కూడా తప్పే. మీరు లెక్కపెట్టింది పిచ్చుకల్ని కాదు, వాలడాల్ని. చిన్న చప్పుడైతే చాలు, గుంపంతా లేచి పక్కనున్న కాగితపు పూల పొదలో దూరుతుంది. నిమిషం తిరక్కుండా మళ్ళీ వచ్చి వాలుతుంది. అలా ఆరుసార్లు లేచి వాలితే పది పిచ్చుకలు అరవై అవుతాయి. మూడు నిమిషాలకోసారి పళ్ళెం మీద, పొదలో, తీగ మీద కలిపి ఎన్ని ఉన్నాయో చూసి రాసుకోండి. వచ్చిన ఐదారు అంకెల్లో పెద్దది పెట్టండి. బ్రిటన్‌లో 1979 నుంచి ఆర్‌ఎస్‌పీబీ అనే పక్షుల సంరక్షణ సంస్థ వాళ్ళు జనవరి చివర్లో జరిపే తోట పక్షుల లెక్కలోనూ అంతే, గంటసేపు చూసి ఒకేసారి కనబడ్డ పెద్ద సంఖ్యనే రాస్తారు.

గోదారి గట్టు:
పళ్ళెం పెట్టబట్టే ఇన్ని తిప్పలు. సంక్రాంతికి కట్టే వరి కుచ్చు ఒకటి వేలాడదీసి చూడండి.

మేడమీద పెరడు:
దుర్భిణి గారూ, మీ పద్ధతిలో నాకు 9 వస్తుంది. అది తక్కువ లెక్క. నా కాగితం మీద మగవి, ఆడవి విడివిడిగా ఉన్నాయి. మగదానికి గొంతు కింద నల్లమచ్చ, నడినెత్తి బూడిదరంగు. ఆడదానికి నల్లమచ్చ ఉండదు, కంటి వెనక లేతరంగు గీత ఉంటుంది. 7:04కి మగవి 6, ఆడవి 3. 7:11కి మగవి 2, ఆడవి 7. రెండుసార్లూ తొమ్మిదే. కానీ ఆరు మగవి, ఏడు ఆడవి ఉన్నట్టు తేలింది కదా? అంటే కనీసం 13. "ఒకేసారి కనబడ్డవి" అని పట్టుకుంటే నాలుగు పిచ్చుకలు మాయం.

దుర్భిణి:
కిందటి ఏడాది పిల్లలు ఆడవాటిలాగే ఉండొచ్చు కదా, వాటినెలా విడదీశారు?

మేడమీద పెరడు:
ఫిబ్రవరికి మగపిల్లలకి నల్లమచ్చ వచ్చేస్తుంది. సరే, రాలేదనే అనుకోండి. మచ్చ ఉన్నవి ఆరు, లేనివి ఏడు. 7:04కీ 7:11కీ మధ్య ఉన్న మచ్చ చెరిగిపోదు, లేని మచ్చ మొలవదు. లెక్క మారదు.

దుర్భిణి:
ఒప్పుకున్నాను. 13 సరైనదే. కామెంట్ల గడిలో రెండు సమయాలూ, మగ ఆడ సంఖ్యలూ రాయండి. "పళ్ళెంలో గింజలు పోసిన చోటు" అని కూడా రాయండి.

ఇంకొకటి. "గుర్తుపట్టినవన్నీ రాశాను" అనే చోట అవును అని పెట్టారా? పెట్టుంటే పావురాలు ఎన్ని?

మేడమీద పెరడు:
అవును అనే పెట్టాను. పావురాలు రాయలేదు. అవి ఎక్కడ చూసినా ఉండేవే కదా.

రెండో అంతస్తు:
డాబా మీద గింజలు పోసి పావురాల్ని రాయలేదా! మాది వేరే అపార్ట్‌మెంటు, అక్కడ మా ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వెనక గూళ్ళు, కిటికీ గట్టంతా రెట్టలు. ఆ రెట్టల పొడి, ఈకల పొడి పీల్చీ పీల్చీ కొందరికి ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి. దాన్ని హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ అంటారు. మూడేళ్ళుగా మా వంటింటి కిటికీ తెరవలేదు.

దుర్భిణి:
ఎక్కడ చూసినా ఉండేదాన్నే ముందు రాయాలండీ. "అన్నీ రాశాను" అని చెప్పి పావురం వదిలేస్తే, ఆ పొద్దున మీ డాబా మీద పావురమే లేదని అర్థం. ఊరపావురాలు దేశంలో పెరుగుతున్నాయని 2023 నాటి స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్ నివేదిక చెప్పగలిగిందంటే, వేలమంది విసుక్కోకుండా వాటిని రాయబట్టే. పిచ్చుక దేశం మొత్తం మీద నిలకడగానే ఉందనీ, హైదరాబాద్‌తో కలిపి ఆరు పెద్ద నగరాల్లో తగ్గుతోందనీ 2020 నివేదిక చెప్పింది కూడా ఇలాంటి లిస్టుల నుంచే.

అసలు మీరు పళ్ళెం తప్ప ఏమీ చూసినట్టు లేరు. చలికాలంలో మన తోటలకి వలసొచ్చే చిన్న పిట్టలు చాలావరకు గింజ ముట్టవు. బ్లైత్స్ రీడ్ వార్బ్లర్ పొదలో దాక్కుని "టెక్, టెక్" అంటుంది. గ్రీనిష్ వార్బ్లర్ ఆకుల కింద పురుగులు ఏరుతుంది. ఎర్రగొంతు ఫ్లైక్యాచర్ తోక ఎగరేస్తూ కొమ్మ మీంచి ఈగల్ని పడుతుంది. పలిసపిట్టలు (రోజీ స్టార్లింగ్) బూరుగు, మోదుగ పూల మీదికి గుంపుగా పోతాయి. చెవి పొదవైపు పెట్టకపోతే చలికాలపు లెక్కలో చలికాలపు పిట్టే ఉండదు.

మేడమీద పెరడు:
రెండో అంతస్తు గారూ, మా పళ్ళెం అపరిశుభ్రమన్నట్టు మాట్లాడితే నేను పడను. మా పళ్ళెంలో పోసినవి అరగంటలో అయిపోతాయి. మిగిలితే తీసేస్తాం, రాత్రికి గింజ ఉంటే ఎలుకలు మరుగుతాయి. వారానికి రెండుసార్లు పాత పొట్టూ రెట్టలూ గీకి, సబ్బు నీళ్ళతో తోమి, ఒక వంతు ద్రవ బ్లీచ్‌కి తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి పది నిమిషాలు నానబెట్టి, కడిగి, పూర్తిగా ఎండాకే మళ్ళీ గింజలు. తడి పళ్ళెంలో పోస్తే బూజు పడుతుంది. ఉప్పు వేసిన అన్నం, మిక్చరు, బిస్కెట్లు, బూజుపట్టిన వేరుశనగ గుళ్ళు ఎప్పుడూ వేయలేదు. నీళ్ళకి మట్టి మూకుడు, రెండు అంగుళాల లోతు మించదు, మధ్యలో గులకరాయి. దోమ గుడ్డు పెట్టినా వారం గడవనివ్వం, రోజూ పారబోస్తాం.

దుర్భిణి:
కడగడం మెచ్చుకోవాల్సిందే. కానీ పళ్ళెం వెడల్పుగా ఉంది, దాని మీద పావురాలున్నాయి. చిక్కంతా అక్కడే. పావురం గొంతులో ఉండే ట్రైకోమోనాస్ క్రిమి ఎంగిలి గింజతో, ఎంగిలి నీటితో పాకుతుంది. బ్రిటన్ తోటల్లో 2005లో అదే రోగం గ్రీన్‌ఫించ్ పిట్టలకి పట్టుకుంది. పోనుపోను అవి ఎంత తగ్గాయంటే 2021లో వాటిని అక్కడి రెడ్ లిస్టులో, అంటే బాగా తగ్గిపోయిన పక్షుల జాబితాలో చేర్చారు. వారానికి రెండుసార్లు కడిగితే మిగతా ఐదు రోజులూ నలభై పావురాల ఎంగిలి పిచ్చుక తింటుంది.

పైగా అక్కడ మంచు, రోజుకి ఎనిమిది గంటల వెలుగు. గింజ దొరక్క రాత్రికి రాత్రి పిట్ట చచ్చిపోతుంది. ఇక్కడ మాఘమాసంలో గింజకి కరువెక్కడిది? మన పిట్టకి కరువు ఏప్రిల్, మే నెలల్లో, అదీ నీళ్ళకి. పిచ్చుక పిల్లకి మొదటి రోజుల్లో కావలసింది గింజ కాదు, పురుగు. పురుగుమందు కొట్టని రెండు మొక్కలు వంద పళ్ళేలతో సమానం.

మేడమీద పెరడు:
నలభై అని నేను ఎక్కడ రాశాను?

దుర్భిణి:
డాబాల మీద సాధారణంగా వాలే గుంపు అంత ఉంటుందని అన్నాను. మీరే చెప్పండి, ఎన్ని?

మేడమీద పెరడు:
మీకు పిట్ట కనబడదండీ, అంకె కనబడుతుంది. పిచ్చుకలు వచ్చాయని సంబరంగా చెబితే మొదటిమాట తప్పు, రెండోమాట తప్పు.

దుర్భిణి:
అంకె తప్పైతే తప్పనే అంటాను. పిచ్చుకని నాలుగింతలకి పైగా చేసి, పావురాన్ని సున్నా చేశారు. రెండు తప్పులూ ఒకే వైపు మొగ్గాయి. ఎందుకు?

మేడమీద పెరడు:
ఎందుకంటే ఈ నెలాఖరున సంఘం మీటింగులో పళ్ళెం తీసేయాలని తీర్మానం పెడుతున్నారు. పిచ్చుకలు ఇన్ని వస్తున్నాయని ఆ లిస్టు చూపిద్దామనుకున్నాను. పావురాలు రాస్తే అదే కాగితం నా మీదికే తిప్పుతారు. వాళ్ళకి పావురం ఒక్కటే కనబడుతుంది. దాని పేరు చెప్పి పిచ్చుక నోటి దగ్గర కూడు తీసేస్తారు.

రెండో అంతస్తు:
మా సంఘం కాకపోయినా ఆ తీర్మానానికి నా ఓటు ఉండేది.

దుర్భిణి:
ఈ మాట మొదట్లోనే చెప్పుంటే బాగుండేది. పదమూడుకీ యాభై ఏడుకీ మధ్య ఇంతసేపు కొట్టుకున్నాం, అసలు తగువు అది కాదు. పళ్ళెం కాపాడటానికి మీకు సాక్ష్యం కావాలి. ఈ లిస్టు దానికి పనికిరాదు. గింజ పోసిన చోట పదమూడు కనబడితే, చుట్టుపక్కల నాలుగు సందుల్లోవి ఒకచోట చేరాయని మాత్రమే తెలుస్తుంది. పెరిగాయని తెలియదు. గింజ మేలు చేస్తోందని చూపించాలంటే అదే చోట, అదే వేళ, పదిహేనేసి నిమిషాలు, ఒక వారం పళ్ళెంతో, ఒక వారం లేకుండా, అలా రెండు నెలలు చూడాలి. పావురాలు ప్రతి లిస్టులోనూ ఉండాలి. ఎన్ని గూళ్ళు కట్టాయో, ఎన్ని పిల్లలు ఎగిరాయో కూడా రాయాలి.

మేడమీద పెరడు:
రెండు నెలలు చూసేలోగా పళ్ళెం పోతుంది. పావురాలు 38. చాలా?

గోదారి గట్టు:
ఇద్దరూ కాస్త ఆగండి. పళ్ళెం పోతే పోనివ్వండి, పిచ్చుకకి కూడు పోనక్కర్లేదు. కుచ్చు అన్నది అందుకే. పావురానికి కాళ్ళు ఆన్చడానికి గట్టు కావాలి, కంకి పట్టుకుని వేలాడలేదు. పిచ్చుకా జీనువాయి పిట్టా తలకిందులుగా వేలాడి గింజ ఒలుచుకుంటాయి.

గింజ రాలకుండా ఉండాలంటే పూర్తిగా పండకముందే, కంకి పసుపు తిరిగి కాడ ఇంకా పచ్చగా ఉన్నప్పుడు, మూరెడు కాడతో కోయాలి. నీడలో ఆరబెట్టి ఆకు తీసేయాలి. అల్లేముందు కాడలు తడిపితే విరగవు. మూడు పాయల జడలా అల్లుతూ, మెలిక మెలికకీ నాలుగైదు కంకులు చేర్చాలి. కంకులన్నీ ఒకే వైపు కిందికి జారాలి. చివర పురికొసతో గట్టిగా బిగించి ఇనప కమ్మీకి కట్టండి. పిట్టగోడకి, ఏసీ పెట్టెకి రెండు మూడు అడుగుల దూరం ఉండాలి, లేకపోతే పావురం అక్కడ నిలబడి మెడ చాస్తుంది. కింద రాలే గింజకి తొట్టి పెట్టి సాయంత్రం ఎత్తేయండి. అది మరిచిపోతే పావురాలు కిందే చేరతాయి, మళ్ళీ మొదటికొస్తుంది. మందు కొట్టిన చేలో కంకి మాత్రం వద్దు.

రెండో అంతస్తు:
కింద గింజ ఎత్తేస్తానంటే నాకు అభ్యంతరం లేదు.

మేడమీద పెరడు:
లిస్టు మార్చాను. పిచ్చుకలు 13, పావురాలు 38, కామెంటులో పళ్ళెం సంగతి. పొదలో "టెక్" అన్నది కూడా వినిపించింది కానీ అదేనని గట్టిగా చెప్పలేను, అందుకే రాయలేదు. పావురాన్ని తరిమేయాలన్న మాట మాత్రం ఇప్పటికీ నాకు రుచించదు. దుర్భిణి గారు గింజే అక్కర్లేదంటున్నారు, అదీ ఒప్పుకోను.

దుర్భిణి:
గింజ విషయంలో నా మాట కూడా మారలేదు. లిస్టు ఇప్పుడు సరిగ్గా ఉంది. రేపు అదే వేళకి ఇంకో పదిహేను నిమిషాలు పొదవైపు తిరిగి కూర్చోండి.

మేడమీద పెరడు:
కూర్చుంటాను. గోదారి గట్టు గారూ, ఫిబ్రవరిలో వరి కంకులెక్కడ దొరుకుతాయి? సార్వా కోతలు ఎప్పుడో అయిపోయాయి, దాళ్వా ఇంకా చేలోనే ఉంది. రామచిలుకలు కుచ్చంతా తెంపుకుపోతే?

గోదారి గట్టు:
కొర్ర కంకులైనా సజ్జ కంకులైనా పనికొస్తాయి, చిరుధాన్యాలు పండించే రైతునడిగితే కాడతో ఇస్తారు. చిలుకలు తెంపడం ఖాయం. పెద్దదొకటి కట్టే బదులు చిన్నవి నాలుగు వేర్వేరు చోట్ల కట్టండి.