గజ్జి పుండ్లు మానిపోయాక కిడ్నీకి వాపేంటి?

పర్లాకిమిడి నాన్న:
బాబుకి ఏడేళ్లు. దసరా ముందు కాళ్లకి గజ్జి లేచి, గోకి గోకి చీము పుండ్లయ్యాయి, మందు రాస్తే మానిపోయాయి కూడా. నెల తిరిగేసరికి ఒకరోజు పొద్దున్నే కళ్లు ఉబ్బిపోయి లేచాడు, యూరిన్ చూస్తే డికాక్షన్ రంగు. బరంపురం తీసుకెళ్తే బీపీ ఉంది, కిడ్నీలో వాపు అని అడ్మిట్ చేసుకున్నారు. రిపోర్టులో సీ3 తక్కువని ఉంది. డాక్టరు గారు ఒడియాలో గబగబా చెప్పి వెళ్లిపోయారు, నాకు సగమే అందింది. మా అత్తగారిది కవిటి వైపు, ఆవిడైతే అక్కడి ఉద్దానం కిడ్నీ జబ్బే వచ్చేసిందని ఒకటే ఏడుపు. మానిపోయిన పుండుకీ కిడ్నీకీ సంబంధం ఏంటసలు?

రాయగడ ల్యాబ్:
తమ్ముడూ, క్రిమి కిడ్నీ దాకా వెళ్లదు. పుండులో చేరిన స్ట్రెప్టోకాకస్ మీదికి ఒళ్లు యాంటీబాడీలు తయారుచేస్తుంది కదా, అవీ ఆ క్రిమి ముక్కలూ అతుక్కుని కిడ్నీ జల్లెడల్లో ఇరుక్కుంటాయి. అక్కడ కాంప్లిమెంట్ అనే రక్తంలోని ప్రోటీన్ల గుంపు రగులుకుంటుంది, తెల్లకణాలు ఎగబడతాయి, ఆ దెబ్బలాటలో జల్లెడే చిరుగుతుంది. సీ3 ఆ గుంపులోదే, అక్కడ ఖర్చయిపోతుంది కాబట్టి తగ్గింది. మామూలుగా 6-8 వారాల్లో మళ్లీ పెరుగుతుంది, పెరగకపోతే బయాప్సీ, అంటే కిడ్నీ ముక్క తీసి చూసే పరీక్ష, మాట వస్తుంది. చర్మం పుండయితే 3 నుంచి 6 వారాలకి, గొంతు నొప్పయితే 1 నుంచి 3 వారాలకి ఇది బయటపడుతుంది, మీ లెక్క సరిపోయింది. ఇలాంటి యూరిన్ మైక్రోస్కోపు కింద పెడితే ఎర్రకణాలు అచ్చుపోసినట్టు చిన్న గొట్టాలై కనిపిస్తాయి, మొదటిసారి చూసినప్పుడు నేనే అలా ఉండిపోయాను.

ఉద్దానానిది వేరే కథ. అక్కడ దెబ్బ ఎక్కువగా కిడ్నీలో యూరిన్ పారే సన్న గొట్టాలకి, వాటి చుట్టూ ఉండే కణజాలానికి, అదీ పెద్దవాళ్లలో ఏళ్లతరబడి చప్పుడు లేకుండా. కారణం ఇంకా తేలలేదు. అత్తగారికి చెప్పండి.

జయపురం:
నాది ఐజీఏ రకం అన్నా, ఆ పేరున్న యాంటీబాడీ కిడ్నీ జల్లెడల్లో పేరుకునే జబ్బు. గొంతు నొప్పి వచ్చిన రెండో రోజుకే యూరిన్ ఎర్రబడేది, సీ3 మాత్రం నార్మల్. బయాప్సీలో తేలింది. నా మందులు చూసి బాబుకి స్టెరాయిడ్ ఎందుకివ్వలేదని అడక్కండి, పిల్లల్లో బాబుకొచ్చిన రకానికి మామూలుగా ఉప్పు తగ్గించి, నీళ్లు కొలిచి ఇచ్చి, బీపీ దించితే చాలామందికి తగ్గిపోతుంది.

పర్లాకిమిడి నాన్న:
కాస్త ఊపిరొచ్చింది. ఇవాళ కొలత సీసాలో రంగు కూడా పలచబడింది. కానీ ఇంటి దగ్గర చెల్లి కూడా వేళ్ల సందుల్లో గోక్కుంటోందట.

రాయగడ ల్యాబ్:
అయితే డాక్టర్ని అడిగి ఇంట్లో అందరూ ఒకే రాత్రి పర్మెత్రిన్ అనే గజ్జి క్రీము రాసుకోండి, దురద లేనివాళ్లు కూడా. వారం తర్వాత ఇంకోసారి. దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయండి. పాపకి చీము పట్టి ఉంటే మాత్రం క్రీముతో సరిపెట్టకుండా చూపించండి.